పండుగ దారిలో పాత స్నేహితుని గడప

 

రమజాన్ నెల చివరికొచ్చేసరికి మన ఇళ్ళలో హడావుడి మొదలవుతుంది. పులివెందుల నుంచి ప్రొద్దుటూరు బట్టల బజారుకు ఒక ప్రయాణం తప్పదు. సేమియాలు, ఖర్జూరాలు, జీడిపప్పు ఇంటికి చేరుతాయి. ఫిత్రా లెక్క చూసుకుంటాము. ఇవన్నీ చేయవలసినవే. కానీ ఒక బాకీ మాత్రం ఏ లెక్కలోకీ రాకుండా మిగిలిపోతుంది. మన కష్టకాలంలో పక్కన నిలిచిన మనుషులకు మనం పడివున్న కృతజ్ఞత అది.

ఉపవాసాల ఆదేశాన్ని గురించి చెబుతూ దివ్యఖుర్‌ఆన్ ఆ వాక్యాన్ని కృతజ్ఞత ప్రస్తావనతోనే ముగించింది (బఖరా: 185). అంటే నెల రోజుల ఆకలిదప్పులు మనల్ని చేర్చవలసిన గమ్యాలలో కృతజ్ఞత ఒకటి. అయితే అల్లాహ్‌కు కృతజ్ఞత తెలపడమంటే సజ్దాలో తల వంచడంతోనే సరిపోతుందా? మనుషులకు కృతజ్ఞత చూపనివాడు అల్లాహ్‌కు కూడా కృతజ్ఞుడు కాలేడని మహాప్రవక్త (సఅసం) స్పష్టం చేశారు (అబూదావూద్, తిర్మిజీ). అల్లాహ్ తన అనుగ్రహాలలో చాలావాటిని మనుషుల చేతుల మీదుగానే మనకు పంపుతాడు. అనుగ్రహాన్ని అందుకొని, దాన్ని మోసుకొచ్చిన చేతిని మరచిపోవడం విశ్వాసికి తగదు.

పాత స్నేహాల హక్కు

హజ్రత్ ఖదీజా (రజి) మరణించిన తర్వాత ఎన్నో ఏళ్ళు గడిచాయి. మక్కా వదలి మదీనాకు వచ్చారు. కొత్త కుటుంబం, కొత్త సమాజం, తీరికలేని బాధ్యతలు. అయినా ఇంట్లో మేకను జబహ్ చేస్తే ప్రవక్త (సఅసం) ఆ మాంసంలో కొంత భాగాన్ని ఖదీజా (రజి) స్నేహితురాళ్ళకు పంపించేవారు. ఈ విషయాన్ని స్వయంగా హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించారు (బుఖారీ, ముస్లిం). స్నేహం చేసిన మనిషి లోకం విడిచి వెళ్ళింది. ఆ స్నేహపు హక్కు మాత్రం ఆయన దృష్టిలో మిగిలే ఉంది.

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) మక్కా దారిలో ఒక పల్లెటూరి అరబ్బును కలుసుకున్నారు. సలాము చేసి, తాను ఎక్కే గాడిదను, తన తలపాగాను అతనికి ఇచ్చేశారు. పల్లెవాళ్ళు కొద్దిపాటితోనే సంతోషిస్తారు కదా, ఇంత ఎందుకని వెంట ఉన్నవారు ఆశ్చర్యపోయారు. ఈ మనిషి తండ్రి తన తండ్రి ఉమర్ (రజి)కు స్నేహితుడని ఆయన సమాధానమిచ్చారు. తండ్రి ప్రేమించినవారితో సంబంధం నిలుపుకోవడం మేలైన సత్కార్యమని తాను ప్రవక్త (సఅసం) నుండి విన్నానన్నారు (ముస్లిం).

ఇప్పుడు మన ఇళ్ళకేసి చూసుకుందాం. మన నాన్నగారికి వానలు లేని సంవత్సరంలో విత్తనాలకు డబ్బు సర్దినవారు ఎవరు? అమ్మకు పురిటి నొప్పులొచ్చిన రాత్రి బండి కట్టినవారు ఎవరు? వాళ్ళలో కొందరు ముస్లింలు, కొందరు ముస్లిమేతరులు. ఇప్పుడు వాళ్ళు ముసలివారై ఏ అరుగు మీదో కూర్చుని ఉంటారు. పండుగ నాడు మనం కొత్త బట్టలతో వాళ్ళ ముందునుంచే ఈద్‌గాహ్‌కు వెళ్తాము. ఆగి పలకరిస్తున్నామా?

కొత్త స్నేహాల విలువ

మక్కా నుంచి కట్టుబట్టలతో వచ్చిన ముహాజిర్లను మదీనా అన్సార్లు అన్నదమ్ములుగా స్వీకరించారు. హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం తీసుకోమని హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)ను కోరారు. ఆయన సఅద్ (రజి) కోసం శుభాన్ని కోరుతూ దుఆ చేసి, బజారుకు దారి చూపమన్నారు. నెయ్యి, ఎండబెట్టిన పెరుగు అమ్మి తన కాళ్ళపై నిలబడ్డారు (బుఖారీ). ఇచ్చేవారి ఔదార్యం ఎంత గొప్పదో, తీసుకునేవారి మర్యాద కూడా అంత గొప్పది.

ఒకసారి ముహాజిర్లు ప్రవక్త (సఅసం) వద్ద తమ భయాన్ని వెళ్ళబుచ్చుకున్నారు. ఈ అన్సార్లు మాకింత చేస్తున్నారే, పుణ్యమంతా వీళ్ళే పట్టుకుపోతారేమోనన్నారు. మీరు వారి కోసం దుఆ చేస్తూ, వారి మంచిని చెప్పుకుంటూ ఉన్నంతకాలం అలా జరగదని ఆయన ధైర్యం చెప్పారు (తిర్మిజీ). తిరిగి ఇవ్వడానికి చేతిలో ఏమీ లేనివాడికి కూడా దుఆ ఉంది, మంచిమాట ఉంది. చేతికి వచ్చాక వాళ్ళు ఊరుకోనూ లేదు. హిజ్రీ 7వ సంవత్సరంలో ఖైబర్ యుద్ధం తర్వాత కాస్త కలిగినవారు కాగానే, అన్సార్లు ఫలసాయం కోసం ఇచ్చిన ఖర్జూరపు చెట్లను తిరిగి ఇచ్చేశారు (బుఖారీ, ముస్లిం).

ఈ పాఠం మనకు దూరపుది కాదు. మన కడప జిల్లా నుంచి ఎందరో కువైట్ తదితర గల్ఫ్ దేశాలకు బ్రతుకుతెరువు కోసం వెళ్తున్నారు. అక్కడ జ్వరమొస్తే గంజి కాచి ఇచ్చేది గదిలో ఉన్న తోటి మనిషే. అతడు ఏ ఊరివాడో, ఏ మతంవాడో! అలాంటి వ్యక్తి కుటుంబం మన చుట్టుపక్కలే ఉంటే, పండుగ నాడు మన ఇంటి నుంచి వాళ్ళింటికి ఒక గిన్నె షీర్‌ఖుర్మా వెళ్ళాలా వద్దా?

ఇంకొక సంగతి కూడా ఆలోచించండి. గండికోట జలాశయాన్ని 2020లో నింపేటప్పుడు కొండాపురం మండలంలోని తాళ్ళప్రొద్దుటూరు ప్రజలు ఇళ్ళు, వాకిళ్ళు వదులుకోవలసి వచ్చింది. 26.85 టీఎంసీల నీరు పట్టే జలాశయమది. ఆ నీరే ఎత్తిపోతల ద్వారా చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరుకు చేరి పులివెందుల ప్రాంతంలోని చీనీ, అరటి తోటలను తడుపుతోంది. ఊరు పోగొట్టుకున్నవారిలో ఎవరైనా మన వీధికి కాపురం వస్తే వాళ్ళు పరాయివాళ్ళు ఎలా అవుతారు? ఇఫ్తార్ వేళకు పిలిచే మొదటి పిలుపు మనదే కావాలి.

విశ్వాసం వేరైనా మేలు మేలే

తాయిఫ్‌లో రాళ్ళ దెబ్బలు తిని తిరిగి వచ్చిన ప్రవక్త (సఅసం)కు మక్కాలో అడుగుపెట్టే వీలు లేకపోయింది. అప్పుడు ముత్‌ఇమ్ బిన్ అదీ తన కుమారులతో కలిసి ఆయుధాలు ధరించి రక్షణ కల్పించాడు. అతను ఇస్లాం స్వీకరించలేదు, బద్ర్ యుద్ధానికి ముందే చనిపోయాడు. అయితే బద్ర్‌లో పట్టుబడ్డ ఖైదీలను చూసి ప్రవక్త (సఅసం) ఏమన్నారు? ముత్‌ఇమ్ ఈ రోజు బ్రతికి ఉండి వీళ్ళ గురించి ఒక్క మాట అడిగివుంటే, అతని కోసం వీళ్ళందరినీ వదిలేసేవాడినన్నారు (బుఖారీ). పోయిన మనిషి నుంచి ఇక పొందేదేమీ లేదు. అయినా ఆ మేలును అందరి ముందూ తలచుకున్నారు. ఉగాదికి మన ఇంటికి ఓళిగలు పంపే పొరుగువారి విషయంలో మన నడవడిక ఎలా ఉండాలో దీన్నిబట్టి గ్రహించవచ్చు. మనతో మతం విషయంలో పోరాడనివారితో మంచిగా, న్యాయంగా మెలగడాన్ని అల్లాహ్ వారించలేదు (ముమ్తహినా: 8).

తెగిన స్నేహం మాటేమిటి?

ఇక్కడే అసలు కష్టం ఉంది. ఇలాంటి ఒక ఇంటిని ఊహించుకోండి. వీసా ఖర్చుకు స్నేహితుడు భార్య నగలు కుదువపెట్టి డబ్బిచ్చాడు. ఇతను వెళ్ళాడు, సంపాదించాడు. అసలు తీర్చడం ఆలస్యమైంది. మధ్యలో ఎవరో ఒక మాట అటూ ఇటూ మోశారు. మాటామాటా పెరిగింది. తర్వాత డబ్బు తీరింది కానీ మాటలు తెగిపోయాయి. మూడు పండుగలు గడిచాయి. ఇద్దరూ ఒకే మస్జిదులో, వేర్వేరు వరుసల్లో నమాజు చేస్తారు. సలాము తిప్పేటప్పుడు మాత్రం చూపులు కలవకుండా జాగ్రత్తపడతారు.

సోదరులారా! సోమ, గురువారాల్లో స్వర్గద్వారాలు తెరుచుకుంటాయి, షిర్క్ చేయని దాసులకు క్షమాపణ లభిస్తుంది. పరస్పరం పగబట్టిన ఇద్దరి విషయాన్ని మాత్రం వాళ్ళు రాజీపడేదాకా ఆపివేయడం జరుగుతుంది (ముస్లిం). నెలంతా ఉపవాసముండి, తరావీహ్‌లో నిలబడి, చివరికి ఒక్క మొండితనం వల్ల మన క్షమాపణ వాకిట్లోనే ఆగిపోతే అంతకు మించిన నష్టమేముంది? తప్పు ఎవరిదని తేల్చేదాకా ఆగకండి. ఇద్దరిలో ముందు సలాము చేసేవాడే మేలైనవాడు (బుఖారీ, ముస్లిం). నగలు కుదువపెట్టిన ఆ చెల్లెమ్మ మెడ ఖాళీగా ఉన్న రోజులను ఒక్కసారి తలచుకుంటే, కాళ్ళు వాటంతటవే ఆ ఇంటివైపు నడుస్తాయి.

ప్రవక్త (సఅసం) ఈద్ నమాజుకు ఒక దారిన వెళ్ళి మరో దారిన తిరిగి వచ్చేవారు (బుఖారీ). రెండు దారుల్లోని ప్రజలనూ పలకరించడం ఇందులోని ప్రయోజనాల్లో ఒకటని పండితులు అన్నారు. కాబట్టి ఈసారి తిరుగు దారిని ముందే ఎంచుకోండి. ఒక పాత స్నేహితుని గడప, ఒక కొత్త పొరుగువారి గడప ఆ దారిలో ఉండాలి. పిల్లల చేయి పట్టుకుని తీసుకెళ్ళి, ఈ పెద్దాయన మనకు ఫలానా రోజు ఫలానా మేలు చేశాడని వాళ్ళకు వినబడేలా చెప్పండి. మరణించిన స్నేహితుల మగ్ఫిరత్ కోసం దుఆ చేయండి, వాళ్ళ పిల్లల యోగక్షేమాలు కనుక్కోండి. గల్ఫ్‌లో ఉన్నవారు ఇంటికి ఫోను చేసే రోజున మరో ఫోను కూడా చేయండి.

ఓ అల్లాహ్! నీ అనుగ్రహాలను మా వరకు చేర్చినవారిని మేము మరచిపోకుండా చూడు. మా హృదయాల్లోని పగలను తొలగించు. మా ఉపవాసాలను, మా స్నేహాలను నీ ప్రసన్నత కోసమే స్వీకరించు. ఆమీన్!