గడప దగ్గర ఆగి అడుగు

చిట్టితల్లీ,

సోషల్ వర్క్ చదవడానికి అలబామా వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. అక్కడున్న చుట్టాలు "నల్లవాళ్ళుండే పేటలకు వెళ్ళకు" అని ఈపాటికే చెప్పి ఉంటారు. నీ చదువే నిన్ను ఆ ఇళ్ళకు తీసుకెళ్తుంది. భయపడుతూ వెళ్ళకు, జాలిపడుతూ అసలే వెళ్ళకు.

ఆ రాష్ట్రంలోనే గాడ్స్‌డెన్ అనే ఊళ్ళో, 1963లో, మేరీ హామిల్టన్ అనే నల్లజాతి ఉద్యమకారిణి కోర్టులో సాక్ష్యం చెప్పడానికి నిలబడ్డారు. ప్రభుత్వ వకీలు ఆవిడను 'మేరీ' అన్నాడు. తెల్ల ఆడవాళ్ళను పిలిచినట్టు 'మిస్ హామిల్టన్' అంటేనే బదులిస్తానన్నారావిడ. అది ధిక్కారమని జైలు, జరిమానా! మరుసటి ఏడాది సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసింది.

నీ వృత్తికి ఇంకా దగ్గరిది అదే రాష్ట్రంలోని సెల్మా అనే ఊరి కథ. సిల్వెస్టర్ స్మిత్ నలుగురు పిల్లల తల్లి. తెల్లవారుజామున మూడున్నర నుంచి మధ్యాహ్నం దాకా హోటల్లో వంట, వడ్డన. వారమంతా కష్టపడితే 16 నుంచి 20 డాలర్లు. శని, ఆదివారాల్లో ఒక మగమనిషి వచ్చి పోతున్నాడని 1966లో ఆ పిల్లలకొచ్చే ప్రభుత్వ సాయం ఆపేశారు. అతనికే తొమ్మిదిమంది పిల్లలు! స్మిత్ పిల్లలను పోషించే బాధ్యత ఏ చట్టమూ అతని మీద పెట్టలేదు. అలా సాయం ఆపే నిబంధన చెల్లదని 1968లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇంటికి ఎవరు వచ్చిపోతున్నారో ఆరా తీసింది మాత్రం కేస్‌వర్కర్లు, తల్లీ. రేపు నీ చేతిలో ఉండేదీ అలాంటి ఫైలే.

అక్కడి సోషల్ వర్కర్ల జాతీయ సంఘం తమ వృత్తిలో సాగిన జాతివివక్షకు 2021లో క్షమాపణ చెప్పింది. మంచిదే. కానీ ఒక తల్లి తలుపు తీసేసరికి ఆవిడ ఎదుట ఉండేది ఆ ప్రకటన కాదు, నువ్వు.

తెల్లదానివి కావు కనుక నీకు వివక్ష అంటదనుకోకు. రెండు గ్లాసుల పద్ధతి నడిచిన నేల మనది. ఇంకో మాట. మనవాళ్ళు అంతమంది అమెరికాలో స్థిరపడ్డారంటే 1965 వలస చట్టం పుణ్యమే. పౌరహక్కుల కోసం నల్లజాతివాళ్ళు లాఠీదెబ్బలు తిన్న రోజుల్లోనే అది వచ్చింది. నువ్వు వెళ్ళేది వాళ్ళ మనవల ఇళ్ళకు.

గడప దగ్గర ఆగి, లోపలికి రావచ్చా అని అడుగు. ఎలా పిలవమంటారో కనుక్కుని అలాగే పిలువు. ఫ్రిజ్ ఖాళీగా ఉంటే, కరెంటు లేకపోతే, 'పిల్లల పట్ల అశ్రద్ధ' అని రాయడానికి తొందరపడకు. బిల్లు ఎందుకు ఆగిందో, తల్లి ఏ షిఫ్టు చేసి వచ్చిందో తెలుసుకో. బిల్లు కట్టించే దారి ఉంటే ముందు అందుకు ఫోన్ చెయ్యి. నువ్వు రాసింది ఆవిడకే చదివి వినిపించడానికి మనసొప్పకపోతే, కూర్చుని మళ్ళీ రాయి తల్లీ.

నీ పెద్దమ్మ