ముడుతలును మాటలును

ముదిమిని వారించెదమని చెప్పువారు ఏ కాలమునందును లేకపోలేదు. పూర్వము రసాయనములును లేహ్యములును అమ్ముడుపోయినవి. నేడు చిన్న గాజుసీసాలలో చుక్కచుక్కగా జారు సీరములు అమ్ముడుపోవుచున్నవి. వానిలో చర్మమును బిగువుగా నుంచునని చెప్పబడు పెప్టైడు సీరములు మధ్యతరగతి గృహములలోనికి గూడ వచ్చినవి. నలువది యేండ్లు దాటిన స్త్రీ యట్టి సీసా నొకదానిని కొనుట వ్యర్థమోహము కాదా, వయసును దాచుట యొకవిధమగు అసత్యము కాదా యని కొందరు మమ్ము ప్రశ్నించిరి. అట్లడిగినవారందరును పురుషులే. వారిలో నిద్దరు తలకు రంగు వేసికొనువారు.

తీర్పు చెప్పుటకు ముందు వస్తువేమో తెలిసికొనుట న్యాయము. మాంసకృత్తులు అమైనో ఆమ్లముల గొలుసులు. అట్టి గొలుసులో కొలది కొలికులు మాత్రమే గల తునకకు పెప్టైడని పేరు. చర్మపు లోపలి పొరలో కొల్లాజెను అను మాంసకృత్తు కలదు. ఇంటికి వాసములెట్టివో చర్మపు బిగువునకు అదట్టిది. యౌవనము దాటినది మొదలు ఏటేట నూటికి సుమారొక పాలు చొప్పున నిది తరుగుచుండును. ఎండ యీ తరుగును హెచ్చించును. 1973లో లోరెన్ పికార్టు అను శాస్త్రజ్ఞుడు మానవరక్తమునుండి మూడు ఆమ్లములు గల పెప్టైడు నొకదానిని వేరుచేసెను. 1993లో కటయామా మొదలగువారు, కొల్లాజెనుయొక్క పూర్వరూపమునందలి యైదు ఆమ్లముల తునక, పాత్రలో పెంచిన కణములను మరల కొల్లాజెను తయారు చేయుటకు ప్రేరేపించునని చూపిరి. విరిగిన వాసపు ముక్కయే క్రొత్త వాసము కావలెనని వడ్రంగికి కబురు పంపుచున్నదన్నమాట. భావము రమణీయమే.

కాని పాత్రలోని కణము వేరు, చెంపమీది చర్మము వేరు. పరవస్తువును లోనికి రానీయకుండుట చర్మమునకు ముఖ్యధర్మము. అణుభారము 500 డాల్టనులు మించిన పదార్థము దానియందు సులభముగా చొరదని 2000లో బాస్, మైనార్డి యను నిద్దరు సూత్రీకరించిరి. పైని చెప్పిన తునకకు లోనికి పోవు నేర్పు కలుగుటకై క్రొవ్వు ఆమ్లమును తగిలించిరి. తగిలించిన పిదప దాని భారము 800 డాల్టనులకు చేరినది! అయినను 2005లో ప్రకటింపబడిన పరీక్షలో, 93 మంది స్త్రీలు ముఖమున నొకవైపున పెప్టైడు గల లేపనమును, రెండవవైపున నది లేని లేపనమును పండ్రెండు వారములు రాసికొనగా, మొదటివైపున సన్నని గీతలు కొంత తగ్గినట్లు తేలెను. ఆ పరీక్ష చేసినవారు సౌందర్యద్రవ్యముల నమ్ము సంస్థకు చెందినవారు. ఫలము శూన్యమనుటకు వీలులేదు. ప్రకటనలలో కనబడునంత గొప్పదనుటకును వీలులేదు.

ప్రకటనల భాషను గూర్చి యొక మాట. మన దేశమున 1940వ సంవత్సరపు చట్టము సౌందర్యద్రవ్యమునకు శుభ్రపరచుట, అలంకరించుట, ఆకర్షణను పెంచుట, రూపమును మార్చుట అను ప్రయోజనములను చెప్పినది. అందుచేత తెలివిగల వర్తకుడు ముడుతలు పోవునని వ్రాయడు. ‘తగ్గినట్లు కనబడును’ అని వ్రాయును. చదువుకొను స్త్రీ ‘తగ్గును’ అని చదువుకొనును. ఇరువదియేండ్లుగా బాలురకు వ్యాకరణము చెప్పుచున్న మాకు, ఒక్క క్రియాపదమింత ధనమార్జించుట మరియెచ్చటను కనబడలేదు.

ఇక అసత్యము మాట. ఎదుటివానికి తెలిసికొను హక్కు గల విషయమును, వాడు నమ్మునట్లు మార్చి చెప్పుట అసత్యము. ఒకరి చెంపపై నెన్ని గీతలున్నవో లెక్క తెలిసికొను హక్కు లోకమున కెవరిచ్చిరి? నలుగు పెట్టుకొని తలంటుకొను దేశమున చర్మమును పోషించుకొనుట దోషమెట్లగును? ఇట్టి వాదమున యయాతి కథ నెత్తువారు కలరు. శాపవశమున ముసలివాడైన యా రాజు తన కొడుకగు పూరుని యౌవనమును తీసికొనెను గదా. యౌవనమును కోరినందుకు మేమాతనిని తప్పుపట్టము. ఆ కోరికకు వెల వేరొకనిచే చెల్లింపజేసెను. మాకు దోషముగా తోచునది యది. కనుక సీరము విషయమున గూడ వెల యెవరు చెల్లించుచున్నారని యడుగవలెను.

మే మెఱిగిన యుపాధ్యాయిని యొకతె కలదు. వయసు నలువదియాఱు. ప్రతిదినమును ప్రార్థనవేళను, ఆటలవేళను పిల్లలతో మైదానమున నెండలో నిలుచుట ఆమె వంతు. ఒకనాడు తోటి యుపాధ్యాయుడొకడు నలుగురిలో, “ఏమమ్మా, ఈ మధ్య మరీ వాడిపోయితిరే!” అనెను. అన్నవాడు సాయంకాలమునకే మఱచెను. ఆమె యింటికి పోయి అద్దము చూచుకొనెను. మరుసటి నెల జీతములో కొంత మిగిల్చి సీసా కొనెను. దానిని అత్తగారి కంటబడకుండ బట్టల మడతలలో దాచుచున్నది. మాట యొకనిది, వెల యొకరిది. ఆమెను ఆడంబరురాలని నిందించుటకు ముందుగా ఆ మాటకు జవాబుదారి నడుగవలదా? మన యిండ్లలో నిట్టి మాటలు చనువుపేర, పరిహాసముపేర దినమునకెన్ని దొర్లుచున్నవో చదువరులే లెక్కింపవచ్చును. మగవాని ముడుతలకు పెద్దరికమని పేరు పెట్టినవారమును మనమే గదా.

ఆస్ట్రేలియా దేశమున నాంబూరు అను నూరిలో 55 ఏండ్లకు లోబడిన 903 మందిని నాలుగున్నర యేండ్లు పరీక్షించి, 2013లో ఫలములను ప్రకటించిరి. ఎండను వారించు లేపనమును నిత్యము రాసికొనవలసినదని నియమింపబడినవారి చర్మమున ముదిమి గుర్తులు, తమ యిచ్చవచ్చినట్లు రాసికొన్నవారికంటె నూటికి 24 పాళ్లు తక్కువగా నుండెను. పెప్టైడు సీరములకు ఇంత దీర్ఘమైన సాక్ష్యము మాకు కానరాలేదు. ఈ సంగతి యా యుపాధ్యాయినికి చెప్పితిమి. సీసాను పారవేయుమని మే మనలేదు. అది ఆమె సొమ్ము, ఆమె చెంప. ఎండలో నిలుచునపుడు గొడుగు వేసికొమ్మంటిమి. ఆమె మరునాడే గొడుగు తెచ్చెను. ఆ వారము గడవకముందే, “ఈ వయసున నింత నాజూకా!” అని మరియొక మాట పడినది.