గంజి పంచె చప్పుడు

మా నాన్న పంచె చప్పుడు చేస్తుంది. రేపల్లెలో అమ్మ గంజి పెట్టి, ఎండలో ఆరేసి, మడతపెట్టి ఇచ్చిన మంగళగిరి పంచె. అడుగు తీసి అడుగేస్తే గరగరమంటుంది. కిందటేడు ఏప్రిల్లో నాన్న బెంగుళూరు కె.ఆర్.పురంలో రైలు దిగి, నాతోపాటు మెట్రోలో కాడుగోడి దాకా వచ్చాడు. లాప్‌టాప్ సంచుల మధ్య ఆ గరగర ఎవరైనా విన్నారో లేదో గానీ, దారి పొడుగునా నాకు అదే వినిపించింది. ఇంటికి రాగానే చెప్పేశాను.

"నాన్నా, ఇక్కడ ఎవరూ పంచెలు కట్టరు. ఉన్నన్నాళ్ళూ ప్యాంటే వేసుకో."

"అట్టాగేలేరా" అన్నాడు. నా పాత ప్యాంట్లు రెండిచ్చాను. పాలిస్టరువి.

ఇక్కడ ఎవరూ పంచెలు కట్టరన్నది పచ్చి అబద్ధం. కాడుగోడిలోనే సత్యసాయి బాబా ఆశ్రమం బృందావనం ఉంది. అక్కడికి తెల్ల బట్టల్లో వచ్చేవాళ్ళను ఆదివారం కూరగాయలకు వెళ్ళినప్పుడల్లా చూస్తూనే ఉంటాను. నాకు కావలసింది ఊరి ఆచారం కాదు, మా లిఫ్టులో పరువు.

ఇంతకంటే సిగ్గుపడాల్సింది ఇంకోటుంది. సరిగ్గా ఆ నెలలోనే ఆఫీసులో నేను చప్పుడు చేసే బట్ట గురించి ఉపన్యాసమిచ్చాను. అంతకుముందు జులైలో పనిమీద చైనాలోని గ్వాంగ్‌జౌ వెళ్ళాను. అక్కడి ఉక్క మన కృష్ణా డెల్టా ఉక్కకు ఏమీ తీసిపోదు. కాలు బయటపెడితే చొక్కా వీపుకు అంటుకుపోతుంది. అలాంటి చోట పుట్టిన పట్టుబట్ట షియాంగ్‌యున్‌షా. సన్నటి పట్టును ఒక అడవి దుంప రసంలో ముంచి, పచ్చికమీద పరిచి ఎండబెడతారు. మళ్ళీ ముంచుతారు, మళ్ళీ ఎండబెడతారు. అలా ఎన్నోసార్లు. చివరికి తెల్లవారకముందే, ఎండ తగలకుండా, ఒకవైపు మాత్రం నది బురద పూసి, తర్వాత కడిగేస్తారు. దుంపలోని వగరు, బురదలోని ఇనుము కలిసి ఆ వైపు నల్లగా నిగనిగలాడుతుంది. రెండోవైపు గోధుమరంగే. బట్టకు సన్నని పూత పట్టినట్టై బిరుసెక్కుతుంది, చెమట పట్టినా ఒంటికి అతుక్కోదు. కొత్తలో నడుస్తుంటే సరసరమంటుందని మొదట 'మోగే మేఘం' అనే అర్థంలో పిలిచేవారట. తర్వాత దాదాపు అదే ఉచ్చారణతో 'సువాసన మేఘం' అయింది.

ఇదంతా స్లయిడ్లు వేసి చెప్పాను. వేసవిలో పట్టు అంగీకి చెమట అంటకుండా సన్న వెదురు గొట్టాలను పూసల్లా గుచ్చి పూర్వం లోపల వేసుకున్న చొక్కా గురించి చెప్పాను. 1972లో చాంగ్‌షా దగ్గర మవాంగ్‌దుయ్ సమాధుల తవ్వకంలో దొరికిన, రెండువేల ఏళ్ళు దాటిన 49 గ్రాముల పట్టు అంగీ గురించి చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. షియాంగ్‌యున్‌షా గురించి 'ఆ చప్పుడే దాని సొగసు' అన్నది కూడా నేనే.

ఇంట్లో నాన్న పాలిస్టరు ప్యాంటులో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు.

గంజి చేసే పనీ అదే కదా! నూలుపోగును బిరుసుగా నిలబెట్టి, ఒంటికీ బట్టకూ మధ్య గాలికి దారి ఇస్తుంది. ఆ దుంపా బురదా లెక్క కూడా మనకు కొత్త కాదు. రేపల్లె నుంచి కృష్ణ దాటి వెళ్తే పెడన. అక్కడి కలంకారీవాళ్ళు కరక్కాయ నీళ్ళలో తడిపిన బట్టమీద, ఇనుప తుప్పూ బెల్లమూ ఊరబెట్టిన ద్రవంతో నలుపు తెప్పిస్తారు. అదే వగరు, అదే ఇనుము. చిన్నప్పుడు చూశాను. స్లయిడ్లలో మాత్రం పెట్టలేదు. గుర్తు రాలేదని చెప్పుకోవచ్చు. కానీ గుర్తొచ్చింది. పెడన పేరెత్తితే నేను ఎక్కడివాణ్ణో బయటపడుతుందనిపించింది.

వారం తిరక్కుండానే నాన్న నడుం చుట్టూ చెమటకాయలు లేచాయి. తొమ్మిదొందల మీటర్ల ఎత్తున ఉన్న ఊళ్ళో, రేపల్లె ఉక్కలో డెబ్బై ఏళ్ళు బతికిన మనిషికి! పౌడరు తెచ్చి ఇచ్చాను. "బెంగుళూరు చల్లగా ఉంటదన్నావుగా" అని నవ్వాడు. అప్పుడైనా 'పంచె కట్టుకో నాన్నా' అనొచ్చు. అనలేదు.

గ్వాంగ్‌జౌలో కొన్న నల్ల షియాంగ్‌యున్‌షా చొక్కా రెండుసార్లే తొడిగాను. ఆఫీసు ఏసీకి దానిమీద స్వెట్టర్ వేసుకోవాల్సి వచ్చింది.

నాన్న తిరుగు ప్రయాణం రోజున కె.ఆర్.పురం స్టేషనుకు గంట ముందే చేరాం. "ఒక్క నిమిషంరా" అని సంచీ తీసుకుని బాత్‌రూమ్ వైపు వెళ్ళాడు. పంచె కట్టుకుని వచ్చి, నా ప్యాంటు మడతపెట్టి నా చేతికిచ్చాడు.