గెడ్డ ఒడ్డున పెళ్లి

అరకు వైపు గెడ్డల ఒడ్డున తోటలు ఇప్పుడు పెళ్లి వేదికలవుతున్నాయి. విశాఖపట్నం నుంచి బస్సుల్లో చుట్టాలు దిగుతారు. పచ్చగడ్డి, రంగు దీపాలు, వెనక కొండ, పక్కన నీళ్ల చప్పుడు.

నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు తాతల నాటి ఎకరన్నరలో అలాంటి తోటే పెట్టాడు. చోళ్లు, సామలు పండిన నేల అది. "మాస్టారూ, భూమి అమ్మలేదు. మన పిల్లలు పదిమందికి పని దొరికింది. ఇందులో తప్పేముంది?" అని అడిగాడు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ తోటలో పెళ్లి భోజనం నేనూ తిన్నాను మరి.

ముందు చట్టం సంగతి చూద్దాం. 1970లో వచ్చిన 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదు. బదిలీ అంటే అమ్మకం ఒక్కటే కాదు; కౌలు, తాకట్టు, దానం కూడా. ప్రభుత్వం సైతం ఇక్కడి తన భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వరాదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి మైదానం షావుకారు వచ్చి "పేరు నీది, పెట్టుబడి నాది, పదేళ్లకు రాసివ్వు" అంటే యువకులు అక్కడే ఆగాలి. మా కుర్రాడు ఎవరికీ రాసివ్వలేదు. తనే నడుపుకుంటున్నాడు.

అయినా నా మనసు ఒప్పుకోలేదు. పెళ్లి మర్నాడు పొద్దున్నే గెడ్డ వెంట కిందికి నడిచాను. నీళ్లకు దిగే పాత దారి తోట కంచె లోపల పడింది. కింది ఊరి ఆడవాళ్లు బిందెలతో చుట్టూ తిరిగి వస్తున్నారు. రాళ్ల మధ్య ప్లాస్టిక్ గ్లాసులు, నీటి మీద నూనె తెట్టు. అక్కడే ఒక ముసలమ్మ మనవడికి స్నానం చేయిస్తోంది. "పైన పెళ్లి మీవాళ్లదా మాస్టారూ?" అంది. ఆ గొంతులో కోపం లేదు. నాకే సిగ్గేసింది.

భూమికి పట్టా ఉంది. గెడ్డకు లేదు. ఒట్టి ఎకరన్నర నేల కోసం పట్నంవాళ్లు అంత దూరం రారు. వాళ్లు డబ్బిచ్చేది గెడ్డను చూసి. అంటే మా కుర్రాడు తన సొంతంతో పాటు నలుగురిదీ అద్దెకిస్తున్నాడు. మన పెళ్లికి ఊరంతా బియ్యం, కట్టెలు మోసుకొస్తారు. అందుకే ఊరంతా ఇంటివాళ్లే. ఇక్కడ ఊరు కంచె బయట నిలబడింది.

పెళ్లివారి సంతోషంలో తప్పు లేదు. మనవాడి సంపాదనలోనూ లేదు. నలుగురిదాన్ని నలుగురినీ అడగకుండా వాడుకోవడంలో ఉంది. ఉమ్మడి వనరులను కాపాడుకునే శక్తి గ్రామసభకు ఉందని 1996 నాటి పెసా చట్టం గుర్తించింది. అందుకే అతనికి చెప్పాను: దారి వదులు, వంటశాలను గెడ్డకు దూరంగా జరుపు, చెత్తను బండిలో పంపు, ఏడాదికి ఎన్ని పెళ్లిళ్లు చేయవచ్చో కింది ఊరివాళ్లను కూర్చోబెట్టి అడుగు.

"వాళ్లు వద్దంటే మాస్టారూ?"

"వినాలి. వినడానికి సిద్ధపడకపోతే అడగడం ఎందుకు?"

అతను చాలాసేపు మాట్లాడలేదు. అప్పు ఉంది, నాకు తెలుసు.

వారం తర్వాత కంచె తీసి దారి వదిలాడు. సభ ఇంకా జరగాలి. ఆ రోజు నేనూ వెళ్తాను. నేను తిన్న భోజనం సంగతి కూడా అక్కడ చెప్పాలి.