రూతుకు తెలియని పిడికెళ్లు

వాక్యభాగం: రూతు 2:14-19

బోయజు పొలంలో ఆ మధ్యాహ్నం రూతు కోతవాళ్ల పక్కనే కూర్చుని భోంచేసింది. పేలాలు కడుపునిండా తిని, మిగిలినవి అత్త కోసం దాచుకుంది. ఆమె మళ్లీ పరిగ ఏరడానికి లేచిన తర్వాత బోయజు తన పనివాళ్లకు ఒక మాట చెప్పాడు. పనల మధ్యకు వచ్చి ఏరుకున్నా ఆమెను ఏమీ అనొద్దన్నాడు. పనల్లోంచి కొన్ని పిడికెళ్లు లాగి, కావాలనే ఆమె కోసం వదిలేయమన్నాడు.

రూతు ఆ మాట విన్నట్టు ఎక్కడా రాసి లేదు. సాయంత్రం దాకా వంగి ఏరింది. ఏరింది దుళ్లగొడితే తూమెడు యవలయ్యాయి.

పగలు ఆఫీసులో లెక్కలు చూసుకుని, రాత్రిపూట సరదాకు చిన్న చిన్న కంప్యూటర్ ఆటలు రాసుకునే నాకు ఈ భాగం దగ్గర ఎప్పుడూ ఒక ఆలోచన వస్తుంది. ఆటలు రాసేవాళ్లు ‘కయోటీ టైమ్’ అనేది ఒకటి ఉంది. పాత రోడ్ రన్నర్ కార్టూన్లలో నక్కలాంటి ఆ కయోటీ కొండ అంచు దాటిపోయినా గాల్లో పరుగెడుతూనే ఉంటుంది. కిందికి చూసుకున్నాకే పడుతుంది. పేరు అక్కడి నుంచి వచ్చింది. పని మాత్రం కార్టూన్ కంటే గంభీరమైనదే.

మారియోలాగా గెంతుకుంటూ పోయే ఆట ఏదైనా ఒక చిన్న షరతు మీద నడుస్తుంది. బొమ్మ కాళ్లు నేల మీద ఉన్నాయా, లేవా? ఉంటే గెంతనివ్వాలి, లేకపోతే లేదు. నేను ఆటలు రాయడానికి వాడే గోడో ఇంజిన్‌లో ఇది తేల్చడానికి ‘ఈజ్ ఆన్ ఫ్లోర్’ అనే ఫంక్షన్ సిద్ధంగా ఉంది. ఫ్రేముకు ఒకటి చొప్పున సెకనుకు 60 సార్లు అడిగితే 60 సార్లూ నిజమే చెబుతుంది. అంచు దాటిన మరుక్షణం లేదంటుంది. లెక్క ప్రకారం దాన్ని తప్పుపట్టలేం.

అయితే ఆ లెక్కతో ఒక పిల్లవాణ్ణి ఆడించి చూడాలి. మా అన్నయ్య కొడుకు ఒకటే గొడవ. “నేను నొక్కాను బాబాయ్! నీ గేమే గెంతట్లేదు.” ఎప్పుడు నొక్కాడో కంప్యూటర్ రాసిపెట్టుకుంటుంది కాబట్టి వాడికి సాక్ష్యం చూపించొచ్చు. నువ్వు నొక్కేసరికి బొమ్మ అంచు దాటి రెండు ఫ్రేములైంది నాయనా, అంటే సెకనులో ముప్పయ్యో వంతు ఆలస్యం, అని. చూపించి ఏం లాభం? అంచు కంటికి కనబడాలి, మెదడు వేలికి చెప్పాలి, వేలు మీట మీద పడాలి. ఈలోగా టీవీ కూడా బొమ్మను ఇంచుక ఆలస్యంగానే చూపిస్తుంది. వాడు గెంతాలనుకున్నది సమయానికే. ఆ సంగతి యంత్రానికి చేరేసరికి ఆలస్యమైంది. యంత్రం అబద్ధమాడలేదు, పిల్లాడూ ఆడలేదు. మధ్యలో మిగిలిన ఆ రెండు ఫ్రేముల నష్టాన్ని ఎవరో ఒకరు భరించాలి. పిల్లాడి వేలు ఇంతకన్నా త్వరగా కదలదు. కాబట్టి ఆట రాసినవాడే భరించాలి. 103వ కీర్తనలో దేవుని జాలి గురించి చెబుతూ దావీదు చూపించే కారణం కూడా ఇటువంటిదే: చేసినవాడికి మన తయారీ తెలుసు, మనం మట్టి అన్న సంగతి ఆయనకు గుర్తుంటుంది.

2018లో సెలెస్ట్ అని ఒక ఆట వచ్చింది. మ్యాడలిన్ అనే అమ్మాయి ఒక పెద్ద కొండ ఎక్కుతుంది. చాలా కష్టమైన ఆటని దానికి పేరు, నిజంగా కష్టమే. మ్యాడలిన్‌ను నడిపించే కోడ్‌ను చేసినవాళ్లే అందరికీ బయటపెట్టారు. నాలాంటివాళ్లకు అదొక పాఠ్యపుస్తకం. అందులో అంచు దాటిన తర్వాత కూడా గెంతడానికి సెకనులో పదో వంతు గడువుంది. కయోటీ టైమ్ అంటే ఇదే. అంటే దాదాపు ఆరు ఫ్రేములు. నేల తాకకముందే తొందరపడి మీట నొక్కితే దాన్ని గుర్తుపెట్టుకుని, కాలు ఆనగానే గెంతిస్తుంది. పైకి ఎగిరినప్పుడు తల ఏ మూలకో కొద్దిగా తగిలితే, అక్కడే ఆపెయ్యకుండా పక్కకు కాస్త జరిపి పైకి పోనిస్తుంది. ఆడేవాళ్లలో ఎక్కువమంది ఇవేవీ గమనించరు. చెయ్యి కుదిరింది అనుకుంటారు. ఇది కొత్త సంగతేమీ కాదు. 1980 నాటి ప్యాక్‌మ్యాన్‌లోనే మలుపు రాకముందు కాస్త ముందుగా తిప్పినా చెల్లుతుంది. వెంటపడే దెయ్యాలకు మాత్రం ఆ వెసులుబాటు ఇవ్వలేదు. ఈ సంగతి తెలిసిన రోజు నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను.

సెలెస్ట్‌లో బాహాటంగా ఇచ్చే సాయం కూడా ఉంది. కావాలంటే ఆట వేగం తగ్గించుకోవచ్చు, చావు లేకుండా చేసుకోవచ్చు. అది అడిగి పుచ్చుకునే సాయం. బోయజు రెండు రకాలూ చేశాడు. అందరి ముందూ పిలిచి భోజనం పెట్టాడు, ఆమె వెనక పిడికెళ్లు రాల్పించాడు. నన్ను ఎక్కువగా పట్టి ఆపేది రెండోది. ఎందుకంటే ఆ ఆజ్ఞలో ఒక మాట రెండు వచనాల్లోనూ వస్తుంది. ఆమెను సిగ్గుపరచొద్దు, గద్దించొద్దు. గింజల గురించి ఎంత శ్రద్ధ తీసుకున్నాడో ఆమె మొహం చిన్నబోకుండా చూడటం గురించీ అంతే తీసుకున్నాడు. గెంతిన ప్రతిసారీ తెర మీద ‘ఆలస్యంగా నొక్కావు, ఈసారికి క్షమించాం’ అని వస్తే ఆ ఆట ఎవరాడతారు? బియ్యం సంచి చేతిలో పెట్టి, ఆ చేతులతోపాటు ఫోటో దిగే సాయాలు మనం చూస్తూనే ఉన్నాం. గుళ్లోనూ చూస్తాం, చర్చిలోనూ చూస్తాం.

బోయజు ధర్మశాస్త్రం చెప్పినంత వరకే చేసి ఊరుకుంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. లేవీయకాండం 19లో పొలం మూలలు పూర్తిగా కోయొద్దని, రాలినవాటిని పేదలకూ పరదేశులకూ వదిలేయాలని ఉంది. ద్వితీయోపదేశకాండం 24లో మరిచిపోయిన పన కోసం వెనక్కి పోవద్దని ఉంది. ఇవి రాలినవీ, మరిచినవీ. బోయజు రాల్పించినవి మాత్రం కోసి, కూలి కట్టి, తన కుప్పకు చేరాల్సిన పనల్లోవి. మా కృష్ణా జిల్లా వైపు కోత మిషన్లు వచ్చాక పరిగ ఏరేవాళ్లు బాగా తగ్గారు కానీ, పూర్వం ఏరినవాళ్లను అడిగితే చెబుతారు, పూట గడిచే గింజలకు రోజంతా నడుము ఎలా పడిపోతుందో. పరిగ ఏరినామెకు ఒక్క రోజులో తూమెడు రావడం మామూలు సంగతి కాదు. ఇంటికి తెచ్చిన రాశిని చూసి అత్త నయోమి వెంటనే ఎక్కడ ఏరావని అడిగి, నిన్ను లక్ష్యపెట్టిన ఆ మనిషి ఎవరో కానీ చల్లగా ఉండాలని దీవించింది. పేరు తెలియకముందే దీవించింది. పొలం పని తెలిసిన కన్ను అది. రాశిని చూస్తే దాని వెనక ఎవరో ఉన్నారని తెలిసిపోయింది.

ఇక్కడ ఒక పేచీ ఉంది. ఆటల్లో ఇచ్చే ఈ గడువు సంగతి తెలిసినవాళ్లు దాన్ని వాడుకుంటారు కూడా. ఆటను అతి తక్కువ సమయంలో ముగించాలని పోటీపడే స్పీడ్ రన్నర్లు, కావాలనే అంచు దాటేదాకా పరుగెత్తి ఆ ఆరు ఫ్రేముల్లో గెంతుతారు, కొంచెం దూరం కలిసొస్తుందని. కృప విస్తరించాలని పాపంలోనే నిలిచి ఉందామా అని రోమా పత్రిక ఆరో అధ్యాయం మొదట్లో పౌలు వేసిన ప్రశ్న వాళ్లను చూసినప్పుడల్లా గుర్తొచ్చి నవ్వొస్తుంది. అయినా స్పీడ్ రన్నర్ల భయంతో పిల్లల గడువు తీసేసినవాళ్లను నేను చూడలేదు.

దాగి పనిచేసే చెయ్యి ప్రతిదీ దయగలదే అని మాత్రం అనను. డబ్బు పెట్టి తాళం వేసిన పెట్టెలు కొనిపించే ఆటలు ఉన్నాయి. లోపల ఏముందో తెరిస్తే కానీ తెలియదు. బెల్జియం 2018లో వాటిని జూదం కింద లెక్కగట్టింది. అక్కడ కూడా ఆడేవాడికి తెలియని లెక్కలు వాడి వెనక నడుస్తూనే ఉంటాయి. తేడా తెలుసుకోవడానికి నేను ఒకటే అడుగుతాను: ఈ దాపరికం వల్ల ఎవరి కుప్ప తగ్గుతోంది? బోయజు పొలంలో తగ్గింది బోయజు కుప్పే.

ఈ మధ్య ఆటలు పక్కనపెట్టి, మా సంఘంలో పెద్దవాళ్ల కోసం ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు వెతుక్కునే చిన్న యాప్ రాస్తున్నాను. పాట మొదటి మాట టైపు చేస్తే నంబరు చూపిస్తుంది, అంతే. చెప్పడానికి సులువు. కానీ ఫోన్ కీబోర్డు మీద తెలుగు కొట్టే డెబ్బయ్యేళ్ల చేతులకు ళ బదులు ల పడుతుంది, ణ బదులు న పడుతుంది, దీర్ఘం ఎగిరిపోతుంది, ఒత్తు రాదు. కంప్యూటర్‌కు ళ, ల రెండు వేర్వేరు సంఖ్యలు. వాటి మధ్య చుట్టరికం దానికి తెలియదు. ‘ఏమీ దొరకలేదు’ అని నిజాయితీగా చెప్పేస్తుంది. అందుకని వెతికే ముందు రెండు వైపులా ళను లగా, ణను నగా, శ ష స మూడింటినీ ఒకటిగా మార్చి, దీర్ఘాలు కుదించి, ఒత్తులు తీసేసి పోల్చాలి. అప్పుడు ఒక్కోసారి అడగని పాటలు కూడా నాలుగు వస్తాయి. అడిగింది అన్నిటికన్నా పైన ఉండేట్టు చూసుకోవాలి. ఈ వారం పని అదే. ‘మీరు అన్నది ఇదేనా?’ అనే వాక్యం కూడా పెట్టడం లేదు. పెద్దవాళ్లు కొట్టిందే సరైనట్టు పాట రావాలి.

మీరు కోడ్ రాసేవాళ్లు కాకపోవచ్చు. ఇవాళ మీ దగ్గరికి ఆలస్యంగా వచ్చే ఫారం, తడబడుతూ అడిగే ప్రశ్న, ఒత్తు లేని సంతకం ఏవో ఉంటాయి. అవి తెచ్చినవాళ్లకు తెలియకుండా మీ కుప్పలోంచి ఎంత రాల్చగలరో, పని మొదలుపెట్టకముందే కాసేపు ఆలోచించండి.

ప్రార్థన: ప్రభువా, నా రాశిలో నేను ఏరుకున్నవి ఎన్నో, నువ్వు రాల్పించినవి ఎన్నో విడదీసి చూడలేను. నయోమిలాగా కనీసం అడిగే బుద్ధి ఇవ్వు. నా చేతి కింద పనిచేసేవాళ్ల ఆలస్యాలను ఈ రోజు ఫ్రేముల చొప్పున లెక్కపెట్టకుండా నన్ను ఆపు. అన్నయ్య కొడుకు చదువునూ, వాడి తొందర వేళ్లనూ దీవించు. ఆదివారం ఆరాధనలోగా ఈ ఒత్తుల చిక్కు విడిపోయేలా సాయం చెయ్యి. యేసు నామంలో అడుగుతున్నాను తండ్రీ, ఆమేన్.