ఇరవై మార్కుల నిజం

భాషల్లో ఎక్కువ తక్కువలు లేవు. ఏ మాండలికమైనా దాని నియమాలతో అది సంపూర్ణమే. ఈ రెండు ముక్కల్ని ఇంగ్లీషులో మూడు పేజీలకు పెంచి రాసి, ఎం.ఏ.లో ఇంగ్లీషు భాషా – భాషాశాస్త్రం పేపరు గట్టెక్కాను. ఇరవై మార్కుల ప్రశ్న అది. నేను రాసింది నిజం. రాసేనాటికి నాకు మా అమ్మ మాటంటే సిగ్గు. ఆ సిగ్గును జేబులో పెట్టుకునే ఆ నిజం రాశాను. మార్కులు బాగానే వచ్చినయ్.

ఇన్నేళ్ళయినా నన్ను తొలిచే ప్రశ్న ఒకటే. ఒక నిజాన్ని మార్కుల కోసం తెలుసుకున్నవాడు దాన్ని తెలుసుకున్నట్టేనా? తెలియక తప్పు చేసినవాణ్ణి క్షమించొచ్చు. తెలిసి, దాని మీద పరీక్ష రాసి, పాసయి, ఉద్యోగం తెచ్చుకుని, మళ్ళీ అదే తప్పు చేసినవాణ్ణి ఏమనాలి?

మాది మార్కాపురం దగ్గర పల్లె. పల్లె అంటే ఊరు కాదు, ఊరి బయట ఉండే మాదిగపల్లె. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, కంభం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. అందుకని మా మాట పూర్తిగా సీమదీ కాదు, కోస్తాదీ కాదు. ఒంగోలు పోతే కర్నూలోళ్ళ యాస అన్నారు. కర్నూలు పోతే గుంటూరోళ్ళ యాస అన్నారు. మా పల్లె మాటకు మాత్రం మా ఊళ్ళోనే ఇంకో పేరుంది. కులం పేరు ముందు పెట్టి వెనక 'మాటలు' అని తగిలిస్తే ఆ పేరొస్తుంది.

మార్కాపురం అంటే పలకలు. ఒకప్పుడు ఎక్కడెక్కడి పిల్లలో 'అ ఆ'లు దిద్దిన రాతిపలకలు మా గనుల్లోంచి పోయినవే. మా అమ్మ పలకల గనిలో కూలి. గుంటలో తవ్విన రాయిని గంపకెత్తుకుని పైకి మోసేది. ఆ రాయిని ఉలితో పొరలు పొరలుగా చీల్చి, కోసి, నున్నగా రుద్ది, చుట్టూ చెక్క బిగిస్తే పలక. పొద్దుగూకి ఇంటికొచ్చేసరికి ఆమె రెప్పల మీద కూడా రాతి దుమ్ము ఉండేది. ఆమెకు ఒక్క అక్షరం రాదు. కానీ చర్చిలో చెవిన పడ్డ 23వ కీర్తనను ఆ పాత తెలుగులోనే, ఉన్నది ఉన్నట్టు, ఒక్క మాట జారకుండా అప్పజెప్పేది. ఆమెకు బుర్ర లేదనడానికి వీల్లేదు. పలక ఆమె నెత్తి మీదికి వచ్చింది, చేతికి రాలేదు. అంతే.

"ఇస్కూలుకు పో నాయనా" అని ఆమే నన్ను పంపింది. ఇస్కూల్లో నేను నేర్చిన మొదటి సంగతి ఆమెది తప్పు అని. అయ్యవారు 'భూమి' అనమంటే 'బూమి' అన్నాను. 'ధనం' అనమంటే 'దనం' అన్నాను. ఒత్తు పలికేదాకా బెత్తం ఆడింది. "మీ నాలుకలే మందం రా" అన్నాడు. ఆ 'మీ'లో మా పల్లె మొత్తం ఉంది.

టీచరు ఉద్యోగం వచ్చాక ఎం.ఏ.కి ప్రైవేటుగా కట్టాను. గిద్దలూరు వైపు ఒక పల్లె బడిలో పని. అమ్మ నా దగ్గరే ఉండేది. రాత్రిళ్ళు చదువు. సాహిత్యం పేపర్లు గైడ్లతో నెట్టుకొచ్చాను. భాషాశాస్త్రం మాత్రం ఎప్పుడూ వినని చదువు. ఇంగ్లీషుకు అక్షరాలు 26 అయినా ధ్వనులు 44 అని, వాటిలో అచ్చులు 20, హల్లులు 24 అని బట్టీ పట్టాను. ఆ 44 ఎవరి నోట్లోవి? ఆర్పీ అనే ఉచ్చారణవి. రిసీవ్‌డ్ ప్రొనన్సియేషన్. అంటే పెద్దమనుషులు ఒప్పుకున్న ఉచ్చారణ అని. అది ఏ ఊరిదీ కాదు. డబ్బున్నవాళ్ళ పిల్లలు చదివే బోర్డింగు బడులది. బ్రిటనులోనే దాన్ని పలికేవాళ్ళు నూటికి ఐదుగురు కూడా ఉండరని అంచనా. పైనున్నవాళ్ళ మాటకు ఊరుండదు, కిందివాళ్ళ మాటకే యాస ఉంటుంది. ఇది నాకు పుస్తకం చెప్పక్కర్లేదు. మా ఊళ్ళో చూసిందే.

ఇంకో పాఠం, ధ్వనుల శాస్త్రం మన దేశంలో పుట్టిందని. నిజమే. పాణిని, ప్రాతిశాఖ్యలు, గొంతు నుంచి పెదవుల దాకా వరస పెట్టిన క ఖ గ ఘల పట్టిక, వీటిని చూసి యూరపు పండితులు నేర్చుకున్నారు. అయితే ఆ శాస్త్రం వేదం ఉచ్చారణ చెడకుండా కాపలా కాయడానికి పుట్టింది. ఆ వేదం చెవిన వేసుకున్న శూద్రుడి చెవుల్లో లోహం, లక్క కరిగించి పోయమంది గౌతమ ధర్మసూత్రం. మేము ఆ శూద్రుల లెక్కలోకి కూడా రాము. బాబాసాహెబ్ అంబేడ్కర్ హైస్కూల్లో సంస్కృతం చదువుతానంటే చెప్పలేదు. పారశీకం తీసుకోవాల్సి వచ్చింది. ఈ రెండో సగం గైడులో లేదు. నేనూ పేపర్లో రాయలేదు.

ఒక రాత్రి ధ్వని మార్పుల అధ్యాయం చదువుతున్నాను. లాటిన్‌లో బడిని 'స్కోలా' అనేవాళ్ళు. మామూలు జనానికి మాట మొదట్లో 'స్క' పలకడం కష్టమై ముందొక అచ్చు చేర్చుకున్నారు. స్పానిష్‌లో అది 'ఎస్కువేలా' అయింది. ఫ్రెంచిలో 'ఎస్కోల్' అయి, తర్వాత సకారం రాలిపోయి 'ఎకోల్' అయింది. ఇప్పుడది ఫ్రెంచి అకాడమీ నిఘంటువులో దర్జాగా ఉంది.

పుస్తకం మూసి కూచున్నాను. మా అమ్మ చేసింది అచ్చంగా అదే! అచ్చతెలుగు మాట ఏదీ 'స్క'తోనో 'స్ట'తోనో మొదలుకాదు. అందుకని ఆమె ముందు ఒక 'ఇ' పెట్టుకుంది. ఇస్కూలు. ఇస్టేషను. అది నోరు తిరగకపోవడం కాదు, ఒక నియమం. ఒత్తుల సంగతీ అంతే. ద్రావిడ భాషలకు పుట్టుకతో ఆ ఒత్తుల ధ్వనులు లేవు, సంస్కృతం నుంచి తెచ్చుకున్నవి. 'బూమి' అన్నందుకు నన్ను కొట్టారు కదా, నా నాలుక తెలుగు నాలుకలాగే మెలిగింది. ఫ్రెంచివాడు తప్పు పలికితే చరిత్ర అయింది. మా అమ్మ పలికితే మాదిగ మాట అయింది.

ఆమె పక్కనే చాప మీద పడుకుని ఉంది. లేపి చెబుదామనుకున్నా. పొద్దున చెబుదాంలే అనుకున్నా. పొద్దున చెప్పలేదు.

పరీక్షకు పోయే రోజు ఆమె నాతో మార్కాపురం రోడ్డు స్టేషన్ దాకా వచ్చింది. చేతిలో సద్దిమూట. ప్లాట్‌ఫారం మీద నాకు తెలిసిన టీచర్లు ఇద్దరు కలిశారు, పరీక్షకే పోతున్నారు. నిలబడి మాట్లాడుతున్నాం. అవతల నుంచి అమ్మ గట్టిగా కేకేసింది, "నాయనా, ఇస్టేషను మాస్టరు యాడున్నాడంట, రైలు యెప్పుడొచ్చదో కనుక్కుందామా?" వాళ్ళిద్దరూ అటు చూశారు. నేను చూడలేదు. ఎవరినో పిలుస్తోందన్నట్టు రెండడుగులు ముందుకేశాను. ఆమెకు అర్థమైంది. మళ్ళీ పిలవలేదు. రైలొచ్చాక కిటికీలోంచి మూట అందించింది, నోరు తెరవకుండా.

మర్నాడు పొద్దున ఆ సద్ది తినే పోయి రాశాను, భాషల్లో ఎక్కువ తక్కువలు లేవని.

తర్వాత చదివినవి నన్ను ఇంకా ఇరుకున పెట్టినయ్. గంపర్జ్ అని ఒక అమెరికా పండితుడు ఉత్తరప్రదేశ్‌లో ఖలాపూర్ అనే ఊళ్ళో మాటలు పరిశీలించి 1958లో వ్యాసం రాశాడు. ఆ ఊళ్ళో అంటరాని కులాలవాళ్ళు రోజూ ఆసాముల పొలాల్లో, ఇళ్ళల్లో పనిచేస్తారు. వాళ్ళ మాటలే వింటారు. అయినా వీళ్ళ పలుకు విడిగానే ఉంది. ఎందుకని? పని దగ్గర కలవడం వల్ల భాష కలవదు. పక్కన కూచుని తీరిగ్గా కబుర్లాడుకునే స్నేహం ఉంటేనే కలుస్తుంది. ఆ స్నేహం లేదు. ఈ ముక్క చదివినప్పుడు మా ఊరికీ పల్లెకీ మధ్య ఉన్న ఖాళీ జాగా కళ్ళ ముందు కనిపించింది. మా మాట వేరుగా ఉండడానికి కారణం మా నాలుక కాదు, వాళ్ళ అరుగు. కూచోనివ్వలేదు, కాబట్టి కలవలేదు. కలవనివ్వనివాళ్ళే కలవలేదని నవ్వుతారు.

వాడుక భాష గెలిచిందని మనం పండగ చేసుకుంటాం. గిడుగు రామమూర్తి పంతులు (1863–1940) మీద నాకు గౌరవమే. సవరల భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ భాషలో చదువు చెప్పాలని పాటుపడ్డ మనిషి. అయితే ఆ పోరాటం గెలిచాక బడుల్లోకీ పత్రికల్లోకీ వచ్చిన వాడుక ఎవరిది? 'శిష్ట' అనే ముందుమాట తగిలించుకునే వచ్చింది. నడిమి కోస్తా జిల్లాల్లో చదువుకున్న పై కులాల ఇళ్ళలో మాట్లాడేది. మా అమ్మ గనిలో మాట్లాడేదీ వాడుకే. దానికి వాడుక ఉంది, మర్యాద లేదు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1962లో సేద్యగాళ్ళ మాటలు ఏరి మాండలిక వృత్తి పదకోశం తెచ్చారు. అది చూశాకే నాకు అనిపించింది, అమ్మ రాయి మోసేటప్పుడు వాడే మాటలకూ ఒక పుస్తకం కావాలని. నేను రాసి ఉండాల్సింది. రాయలేదు.

ఇక అసలు తప్పు. జూనియర్ లెక్చరరునయ్యాను. ఒకరోజు క్లాసులో పాఠం గురించి అడిగితే ఒక అమ్మాయి లేచింది. మా పల్లెలాంటి పల్లె పిల్ల. "సార్, ఈ ఇస్టోరీలో..." అంది. నేను బోర్డు దగ్గరకు పోయి 'స్టోరీ' అని ఇంగ్లీషులో రాసి, "ఇందులో 'ఇ' యాడుందమ్మా, నాకు కనపడ్డం లేదే" అన్నాను. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె కూచుంది. మళ్ళీ ఆ ఏడాదంతా లేవలేదు. ఆఖర్లో రావడమే మానేసింది. మిరపకాయల కోతకు గుంటూరు వైపు పోయారన్నారు. నా వల్లనే మానేసిందని చెప్పలేను. నా వల్ల కాదనీ చెప్పలేను.

ఎందుకు నవ్వాను? ఆ 'ఇ' ఎక్కడుందో ఆ గదిలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. లాటిన్ నుంచి ఫ్రెంచి దాకా చెప్పగలిగినవాణ్ణి. అయినా నవ్వాను, ఎందుకంటే ఆ నవ్వుతో నేను ఆమెవైపువాణ్ణి కాదని క్లాసుకు రుజువు చేసుకోవచ్చు. నాకు కావలసింది అదే. బెత్తం చేతులు మారింది.

దీనికి ఒక జవాబుంది. నేను చాలాకాలం నాకు చెప్పుకున్న జవాబే. "నేను దిద్దకపోతే రేపు ఇంటర్వ్యూలో వాళ్ళు నవ్వరా? అన్ని మాటలూ సమానమని చెప్పి ఆ పిల్లను అట్నే వదిలేస్తే ఎవరికి లాభం?" ఇందులో బలం ఉంది. కాదనను. మీ యాస అందంగా ఉంది, మీరు అందులోనే ఉండండి అని మనల్ని మెచ్చుకునేవాళ్ళను నేను నమ్మను. 2019లో సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం పెడతామన్నప్పుడు ఎంత గొడవయిందో చూశాం. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ జీవోలు కొట్టేసింది. చిన్నపిల్లలకు అమ్మభాషలో చదువే మంచిదనే వాదంలో శాస్త్రం ఉంది, ఒప్పుకుంటాను. కానీ తమ పిల్లల్ని కాన్వెంటుకు పంపి మా పిల్లలకు అమ్మభాష గొప్పదనం చెప్పినవాళ్ళను ఒకటి అడగాలి. మీరు చెప్పే అమ్మభాషలో మా అమ్మ భాష ఉందా?

కాబట్టి ఇంగ్లీషు కావాలి. 'స్టోరీ' అనడమూ రావాలి. దిద్దడం తప్పు కాదు. కానీ దిద్దడం, నవ్వడం ఒకటి కాదు. దిద్దితే పిల్లకు ఇంకో మాట చేరుతుంది. నవ్వితే ఉన్న మాట పోతుంది. నేను ఆ రోజు ఆమెకు ఏమీ నేర్పలేదు, ఆమె దగ్గరున్నది గుంజుకున్నాను.

నల్లవాళ్ళ ఇంగ్లీషు తప్పుల తడక కాదు, దానికీ నియమాలున్నాయని 1969లో లెబోవ్ రాశాడు. అది నాకూ పరీక్షలో వచ్చింది. కానీ ఆయన అక్కడ ఆగలేదు. అమెరికాలో ఆన్ ఆర్బర్ ఊళ్ళో నల్ల పిల్లల తరఫున బడి మీద కేసు పడితే కోర్టులో నిలబడి సాక్ష్యం చెప్పాడు. 1979లో తీర్పు వచ్చింది. పిల్లలు ఇంట్లో మాట్లాడే భాష ఎట్లాంటిదో ముందు టీచర్లు నేర్చుకోవాలి, ఆ తెలివితో చదవడం నేర్పాలి అని. ఆ నిజం ఆయన్ను కోర్టు దాకా నడిపించింది. నన్ను ప్లాట్‌ఫారం మీద రెండడుగులు కూడా వెనక్కి నడిపించలేదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ప్రతి ఏడాదీ మొదటి క్లాసులో 'ఎకోల్' కథ చెప్పాను. బోర్డు మీద 'స్కోలా', 'ఎకోల్', 'ఇస్కూలు' పక్కపక్కన రాసేవాణ్ణి. ఆ మూడింటి నియమం చెప్పి, అప్పుడు 'స్కూల్' పలకడం నేర్పేవాణ్ణి. నేను నవ్విన రోజు సంగతి కూడా చెప్పేవాణ్ణి. కొందరు పిల్లలు అప్పుడు తలెత్తి చూసేవాళ్ళు. దానితో ఆ అమ్మాయి బాకీ తీరదు. అది తెలుసు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, పరీక్షలు రాయండి. 44 ధ్వనులూ నేర్వండి. మార్కులు వదులుకోవద్దు. కానీ చదివింది ఇంటికి తీసుకుపోండి. నేను తీసుకుపోలేదు. మార్కులొచ్చినరోజు అమ్మ అడిగింది, "ఏం సదివినావు నాయనా అన్ని రాత్రులు?" అని. "ఇంగిలీసులే అమ్మా, నీకు తెలీదు" అన్నాను. ఆమె చనిపోయి చాలా ఏళ్ళయింది. నువ్వు 'ఇస్కూలు' అనడం తప్పు కాదమ్మా అని చెప్పడానికి నాకు ఒక్క నిమిషం పట్టేది.