ఉపసంహార విద్య

తాటకావధానంతరము విశ్వామిత్ర మహర్షి సంతసించి శ్రీరామచంద్రునకు దివ్యాస్త్రముల నుపదేశించిన ఘట్టము బాలకాండమున కలదు. అస్త్రములు పొంది రాముడు అంతటితో ఊరకుండలేదు. త్రోవలో నడచుచునే, వాని ఉపసంహారమును గూడ తెలుపుమని గురువును వేడెను. పారాయణపరులు సాధారణముగ ఈ చోటును త్వరగా దాటిపోదురు. నిలిచి చూడవలసిన చోటు అదియే.

నేడు దండధారణము పోలీసుల చేతియందున్నది. త్రాగి తూలువాడు, కత్తి దాచినవాడు, మతి చెదరినవాడు, వీరందరును కానిస్టేబులునకు చేతికందు దూరముననే ఎదురగుదురు. అందుచేతనే అతనికి ఆత్మరక్షణ విద్య నేర్పుదురు. హైదరాబాదులోని జాతీయ పోలీసు అకాడమీలో ఐ.పి.యస్. అధికారులకు సైతము నిరాయుధ పోరాటము శిక్షణాంశమే. ఈ విద్యలో కొట్టుటకంటె ముందు నిలుచుట నేర్వవలెను. ఎదుటివానికి ఏటవాలుగా నిలిచి, తుపాకియున్న ప్రక్కను వెనుకకుంచి, అతని చేతులను కనిపెట్టుచు మాటాడవలెను. పట్టుకొనక తప్పనిచో మణికట్టును, మోచేతిని కలిపి పట్టవలెను. బోర్ల పరుండబెట్టి బేడీలు వేసిన పిమ్మట ఆలసింపక ప్రక్కకు త్రిప్పవలెను, లేదా కూర్చుండబెట్టవలెను. బోర్లనున్నవాని వీపుపై బరువు నిలిచినచో ఊపిరి యాడదు.

చట్టము చెప్పునదియు నిదియే. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 46వ సెక్షను ప్రకారము, పట్టుబడినవానిని తప్పించుకొనకుండ ఆపుటకు వలసినంతకు మించి నిర్బంధింపరాదు.

చేయి సడలించిన క్షణముననే కత్తి దిగినచో ఆ కానిస్టేబులు భార్యాబిడ్డలకు దిక్కెవరు? ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయుట అన్యాయము. కాని భయపడిన చేయియే అధికముగా నొక్కును. తన పట్టుపై నమ్మకము లేనివాడే ముందుగా లాఠీని, తుపాకిని వెదకును. కనుక శిక్షణ వలదనుట దయ కాదు. సగము శిక్షణ మాత్రము ప్రమాదము.

అశ్వత్థామ కథ అట్టిదే. బ్రహ్మశిరోనామకాస్త్రమును విడిచెను గాని మరలింప నేరడయ్యెను. అర్జునుడు తన యస్త్రమును మరలించెను. ద్రౌణి యస్త్రము ఉత్తరాగర్భముపై పడెను.

ఎరిగియు మరలింపనివాని మాట యేమి? 2020 మే 25న అమెరికాలోని మినియాపొలిస్ నగరమున జార్జి ఫ్లాయిడ్ అనువానిని పోలీసులు బేడీలు వేసి వీధిలో బోర్ల పరుండబెట్టిరి. ఒక అధికారి మోకాలు అతని మెడపై తొమ్మిది నిమిషములకు పైగా నుండెను. ప్రక్కకు త్రిప్పుదుమా యని తోడి అధికారి, ఉద్యోగమునకు క్రొత్తవాడు, అడిగెను. అనుభవజ్ఞుడు వలదనెను. ఫ్లాయిడ్ మరణించెను. 2021 ఏప్రిల్‌లో ఆ అనుభవజ్ఞుడు హంతకుడని జూరీ తీర్పు చెప్పెను. అశ్వత్థామకు తెలియదు, ఇతనికి తెలుపబడినది. అపరాధము ఎవరిది గురుతరమో పాఠకులే యోచింతురు గాక.

సాధనశాలలో పట్టుబడినవాడు అరచేతితో నేలను తట్టును. తట్టినంతనే పట్టు వీడవలెను. ఆ వీధిలో పడియున్నవాని చేతులు వెనుకకు బేడీలలో నున్నవి. ఊపిరి యాడుటలేదని నోటితోనే చెప్పుకొనవలసివచ్చెను. పలుమారులు చెప్పెను.